గడ్డి గులాబీకి మొగ్గలు నిండుగా ఉన్నాయి, ఒక్కటీ విచ్చుకోవడం లేదు

పటమట_మేడతోట
మేడ మీద పన్నెండు కుండీల్లో గడ్డి గులాబీ వేశాను. నర్సరీలో టేబుల్ రోజ్ అని అమ్మే మొక్కే. జనవరి చివర్లో కొమ్మలు గుచ్చితే మార్చికల్లా కుండీ అంచులు దాటి కిందికి వేలాడుతున్నాయి. ఆకులు పచ్చగా, కండగా ఉన్నాయి. ప్రతి కొమ్మ కొసకూ మొగ్గలున్నాయి. కానీ నెల రోజులుగా ఒక్క పువ్వు చూస్తే ఒట్టు. ఉదయం నీళ్లు పోసేటప్పుడు మొగ్గ బిగుసుకుని, కొసన కాస్త గులాబీ రంగు తొంగిచూస్తూ ఉంటుంది. హమ్మయ్య, రేపటికి పూస్తుంది అనుకుంటాను. సాయంత్రానికి అదే మొగ్గ మెత్తబడి, తడిసిన కాగితం ఉండలా అయిపోతోంది. వేళ్లతో నొక్కితే రంగు అంటుకుంటోంది. ఇదేం తెగులు? పన్నెండు కుండీల్లోనూ ఇదే వరస. ఏ మందు కొట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి. ఇంత ఏపుగా పెరిగిన మొక్కను పీకేయడానికి చేతులు రావడం లేదు.

కొరిటెపాడు_శారద
నీళ్లు ఎక్కువయ్యాయి. కండ ఉన్న ఆకుల మొక్కలకు రోజూ నీళ్లు పోయకూడదు. మొగ్గ కుళ్లిందంటే వేరు కూడా కుళ్లుతూ ఉంటుంది. ఒక మొక్కను లాగి వేరు చూడండి.

పటమట_మేడతోట
ఒకటి లాగి చూశాను. వేర్లు తెల్లగా శుభ్రంగా ఉన్నాయి. రోజుకు కుండీకి ఒక చిన్న చెంబుడు పోస్తున్నాను, అంతే.

ప్రత్తిపాడు_మిర్చిరైతు
నాకు తామర పురుగు మీద అనుమానం. 2021లో మా మిర్చి చేలల్లో నల్ల తామర పురుగు పడి పూతంతా పీల్చేసింది. పువ్వులోనే దూరి కూర్చుంటుంది, పైకి కనబడదు. తెల్ల కాగితం కింద పట్టుకుని మొగ్గల కొమ్మను నాలుగు సార్లు గట్టిగా తట్టండి. నల్లని నలుసులు పాకితే అదే. పాకకపోతే మాత్రం మందు జోలికి వెళ్లకండి.

భవానీపురం_భాను
ఎరువు ఏమి వేశారు? అది చెప్పకుండా తెగులు అంటే ఎలా? నత్రజని ఎక్కువైతే ఈ మొక్క ఆకు మీదే మనసు పెడుతుంది.

పటమట_మేడతోట
మిర్చిరైతు గారూ, మూడు కుండీలు తట్టి చూశాను. కాగితం మీద మట్టి తప్ప ఏమీ పడలేదు. భాను గారూ, మట్టిలో వర్మీకంపోస్టు కలిపాను. పదిహేను రోజులకోసారి వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోస్తున్నాను.

భవానీపురం_భాను
అదిగో, దొరికింది! చెక్క నీళ్లు ఆపేయండి. ఇది పేద నేలలో పుట్టిన మొక్క. బాగా మేపితే బలుస్తుంది, పూయదు.

గుణదల_గీత
భాను గారూ, ఒప్పుకోను. నత్రజని ఎక్కువైతే మొగ్గలే రావు. ఈవిడ మొగ్గలు నిండా ఉన్నాయంటున్నారు కదా. చెక్క నీళ్లు ఆపడం మంచిదే, కానీ ఇప్పుడు అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. ఎండ ఎంతసేపు తగులుతుంది?

పటమట_మేడతోట
పొద్దు పొడిచినప్పటి నుంచి సాయంత్రం దాకా ఎండే. పైన నీడనిచ్చేది ఏదీ లేదు.

సింగ్‌నగర్_శ్రీను
అక్కా, ఒక్క మాట. మీరు మేడ మీదకు ఏ ఏ వేళల్లో వెళ్తారు?

పటమట_మేడతోట
ఉదయం ఆరున్నరకు నీళ్లు పోసి దిగుతాను. ఏడున్నరకల్లా గుంటూరు బస్సెక్కాలి, ఆఫీసు అక్కడ. తిరిగి వచ్చేసరికి రాత్రి ఏడు. వచ్చాక మళ్లీ ఒకసారి వెళ్తాను. ఎందుకు?

సింగ్‌నగర్_శ్రీను
మరి ఆదివారాలు?

పటమట_మేడతోట
ఆదివారం తెల్లవారుజామునే తెనాలి వెళ్తాను, అమ్మ దగ్గరికి. రాత్రికి వస్తాను.

సింగ్‌నగర్_శ్రీను
అయితే మీ మొక్కలకు ఏ జబ్బూ లేదు. రోజూ పూస్తున్నాయి. మీరు ఇంట్లో లేని వేళ చూసి పూస్తున్నాయి.

అరండల్‌పేట_అనూష
అయ్యో! చదువుతుంటే నవ్వూ వచ్చింది, మనసూ చివుక్కుమంది.

కుండీల_కిరణ్
శ్రీను చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఎండ ముదిరాక విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకునే పువ్వు అది. ఒక పువ్వుకు ఒకటే పూట. మలయాళంలో దీన్ని పత్తుమణి పువ్వు అంటారు, అంటే పది గంటల పువ్వు. వియత్నాం భాషలో దాని పేరుకూ పది గంటలనే అర్థం. ఎక్కడెక్కడి వాళ్లో ఒకే గడియారం చూసి పేరు పెట్టినట్టుంది.

కృష్ణలంక_కుమారి
మా ఇంట్లో దీన్ని నాచు పూలు అంటాం. గడ్డి గులాబీ అనే మాట ఇక్కడే మొదటిసారి వింటున్నాను.

పటమట_మేడతోట
నమ్మబుద్ధి కావడం లేదు. నెల రోజులుగా పూస్తుంటే ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఉంటుందా? నిజమే లెండి, మా వారు నాకంటే ముందే బయలుదేరతారు. పాప బడికి వెళ్తుంది. ఇంట్లో ఉండేది మా అత్తయ్య ఒక్కరే. మోకాళ్ల నొప్పులతో ఆమె మేడ ఎక్కి రెండేళ్లయింది. శనివారం కూడా నాకు ఆఫీసే. ఆగి చూడాలంటే రెండో శనివారం దాకా ఆగాలి.

బ్రాడీపేట_మాస్టారు
ఆగనక్కర లేదమ్మా. ఈ రాత్రికే రుజువు చూసుకోవచ్చు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, నా మాట మీద ఒక పని చేయండి. ఆ తడి కాగితం ఉండ ఉంది కదా, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా పైకి లాగండి. టోపీలా ఊడి వస్తుంది. కింద పచ్చటి చిన్న గుండు కనిపిస్తే అది కాయ. విచ్చుకోకుండా కుళ్లిన మొగ్గ అయితే అలా కాయ కట్టదు. ఇంకొన్ని రోజులు గడిచిన కాయలు ఎండుగడ్డి రంగుకు తిరిగి ఉంటాయి. వాటిని గోటితో తాకితే కుంకుమ భరిణె మూతలా పైసగం గుండ్రంగా లేస్తుంది. లోపల ఉక్కు రజనులాంటి విత్తనాలు మెరుస్తుంటాయి.

ఈ మొక్క స్వస్థలం దక్షిణ అమెరికా. అర్జెంటీనా, ఉరుగ్వే, దక్షిణ బ్రెజిల్. గిల్లీస్ అనే వైద్యుడు అర్జెంటీనాలో మెండోసా దగ్గరి ఇసుక నేలల్లో దీన్ని చూశాడు. నేలంతా ఊదా రంగు పరిచినట్టు, అక్కడక్కడా నారింజ మచ్చలు పెట్టినట్టు ఉందట. 1829లో వృక్షశాస్త్రవేత్త హుకర్ దీనికి పోర్చులాకా గ్రాండిఫ్లోరా అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఇసుక నేల, మండే ఎండ, చాలీచాలని నీరు, ఇదీ దాని పుట్టిల్లు. పువ్వు విచ్చుకోవడానికి వెలుగూ వేడీ రెండూ కావాలి. మబ్బు పట్టిన రోజు సగం తెరిచి ఊరుకుంటుంది. ఆరున్నరకు మీ మేడ మీద వెలుగు ఉంటుంది కానీ ఆ వేడి ఇంకా రాదు.

కొరిటెపాడు_శారద
నీళ్లు ఎక్కువన్నది నేనే. వేళ గురించి అడగాలని తోచనే లేదు. మాస్టారు చెప్పిన టోపీ పరీక్ష నేనూ ఇప్పుడే చేసి వచ్చాను. ఇన్నేళ్లుగా పెంచుతూ ఆ మూత ఎప్పుడూ గమనించలేదు.

పటమట_మేడతోట
ఫోను వెలుగులో చూసి వచ్చాను. ఉండ ఊడి వచ్చింది. కింద బఠాణీలో సగం ఉన్న పచ్చటి గుండు! ఒకటి కాదు, లాగినవాటిలో పదకొండింటికి ఉంది. ఎండిన కాయ ఒకటి దొరికితే గోటితో తాకాను, మూత లేచింది. అరచేతిలో పోసుకుంటే బూడిద రంగు గింజలు, వెలుగు పడితే తళతళమంటున్నాయి. నెల రోజులుగా పూసి, కాయ కట్టి, గింజ రాల్చుకుంటున్నాయి ఇవి! నేను మందు వెతుకుతున్నాను.

ప్రత్తిపాడు_మిర్చిరైతు
మందు కొట్టలేదు, అదే పదివేలు. పూత మీద కొట్టి ఉంటే తేనెటీగలు పోయేవి.

ముద్దబంతి
సాయంత్రం కూడా విచ్చుకునే రకం ఏదైనా ఉందా? నాదీ ఇదే అవస్థ, ఆరింటికి గానీ ఇల్లు చేరను.

కుండీల_కిరణ్
పలక ఆకుల రకం ఒకటి అమ్ముతున్నారు. ఆకు సూదిలా కాకుండా గంగపావిలి ఆకులా ఉంటుంది. మా మేడ మీద అది సన్నాకు రకం కంటే ఒక గంట ఎక్కువ నిలుస్తోంది. సాయంత్రం దాకా మాత్రం ఉండదు.

బామ్మ_సత్యనారాయణపురం
సాయంత్రం పూయాలంటే చంద్రకాంత వేసుకోమ్మా. నాలుగు దాటాక విచ్చుకుంటుంది, రాత్రంతా ఉంటుంది, వాసన కూడా. ఉద్యోగాలు చేసే ఆడపిల్లలకు అదే సరైన పువ్వు. గోడ వారన ఒక్క గింజ వేస్తే చాలు, దుంప ఊరి ఏటేటా అదే లేస్తుంది.

గుణదల_గీత
చంద్రకాంత మంచిదే బామ్మగారూ, కానీ దానికి నేల కావాలి, నీళ్లూ ఎక్కువే కావాలి. మేడ మీద జానెడు కుండీలో రోహిణి కార్తె ఎండను తట్టుకునేది ఇదొక్కటే. పటమట గారూ, ఎండలు ముదురుతున్నాయి కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను, రోజూ నీళ్లు మానేయండి. మూడు రోజులకోసారి చాలు.

బామ్మ_సత్యనారాయణపురం
మూడు రోజులా? మే నెలలోనా? బెజవాడ ఎండ సంగతి తెలిసే అంటున్నావా తల్లీ? నేను నూనె డబ్బాల్లో, పాల ప్యాకెట్లలో పెంచుతాను. ఎండాకాలం రోజూ పోస్తాను, వడగాడ్పు వీచే రోజుల్లో రెండు పూటలా పోస్తాను. ఒక్కటీ చావలేదు.

గుణదల_గీత
నాది పద్నాలుగు అంగుళాల సిమెంటు తొట్టి. రోజూ పోసిన ఏడాది మొదలు దగ్గర కాండం గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది. అలా ఆరు మొక్కలు పోయాయి.

భవానీపురం_భాను
ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పాల ప్యాకెట్లో మట్టి గుప్పెడు, మధ్యాహ్నానికే ఎండిపోతుంది. సిమెంటు తొట్టి అడుగున నాలుగు రోజులైనా చెమ్మ ఉంటుంది. రోజులు లెక్కపెట్టకుండా ఆకును పట్టుకుని చూడండి. గట్టిగా నిండుగా ఉంటే దాహం లేదు. మెత్తబడి ముడతలు పడితే అప్పుడు పోయాలి. చెంబుతో పైనుంచి కాదు, మొక్క మొదలు దగ్గర పోయాలి.

బ్రాడీపేట_మాస్టారు
భాను గారు చెప్పిందే సరైన పద్ధతి. నీరు కరవైనప్పుడు ఈ కుటుంబపు మొక్కలు ఆకు రంధ్రాలను పగలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్ లోపలికి తీసుకుని దాచుకుంటాయి. మిగతా రోజుల్లో మొక్కజొన్న, చెరకులాగే పగలు గాలి పీల్చుకుని ఆహారం తయారు చేసుకుంటాయి. ఈ రెండు పద్ధతులూ ఒకే మొక్కలో ఉండటం చాలా అరుదు. కాబట్టి ఒక పూట నీళ్లు మరిచిపోయినా కంగారు పడకండి. మరిచిపోకుండా ముంచెత్తితేనే ప్రమాదం.

అరండల్‌పేట_అనూష
కిరణ్ గారు గంగపావిలి పేరెత్తారు కాబట్టి అడుగుతున్నాను. గడ్డి గులాబీ ఆకు పప్పులో వేసుకోవచ్చా? రెండూ ఒకే జాతి అంటారు.

బ్రాడీపేట_మాస్టారు
జాతులు వేరు, ప్రజాతి మాత్రం ఒకటే. అయినా కూర కోసం గంగపావిలినే వాడండి. తరతరాలుగా తిన్నది అదే. నర్సరీ నుంచి తెచ్చిన పూల మొక్క మీద ఏ మందులు పడ్డాయో మనకు తెలియదు. గంగపావిలిలో కూడా ఆక్సలేట్లు ఎక్కువ. మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లు దాన్నీ తగ్గించుకోవాలి.

బామ్మ_సత్యనారాయణపురం
గంగపావిలి పప్పులో చింతపండు తగ్గించాలి, ఆకులోనే పులుపు ఉంటుంది. కందిపప్పు కంటే పెసరపప్పుతో బాగుంటుంది.

కొరిటెపాడు_శారద
గుంటూరు నేలలో వేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? కుండీలు కాదు, నేల మీద. గేటు నుంచి వాకిలి దాకా రెండు వైపులా తివాచీలా పరవాలని నా కోరిక. మాది నల్లరేగడి. రెండేళ్లు వేశాను, రెండేళ్లూ ఆగస్టులో పోయాయి. అంతర్జాలంలో ఐస్ ప్లాంట్ అని ఊదా పూల తివాచీ ఫొటోలు చూశాను, అది వేస్తే నయమా?

కుండీల_కిరణ్
ఐస్ ప్లాంట్ దక్షిణాఫ్రికా మొక్క. పొడి గాలి ఉన్న చోట బాగుంటుంది. తెప్పించి రెండుసార్లు నాటాను. ఇక్కడి ఉక్కకు, వానకు నిలవలేదు. డబ్బు వృథా చేసుకోకండి.

ప్రత్తిపాడు_మిర్చిరైతు
శారద గారూ, నల్లరేగడిని నేను చిన్నప్పటి నుంచి దున్నుతున్నాను. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది, వానాకాలం నీళ్లు పట్టి వదలదు. ఆగస్టులో పోతున్నాయంటే వేరు కింద నీళ్లు నిలుస్తున్నాయన్నమాట. నేలను తవ్వి అందులో వేయకండి, నేల మీదకు ఎత్తండి. ఇటుకలు వరసగా పేర్చి జానెడు ఎత్తు గట్టు కట్టండి. అడుగున ఇటుక ముక్కలు, పైన సగం ఇసుక, సగం ఎర్రమట్టి, గంపెడు మాగిన పశువుల ఎరువు. మిరపనారు బోదెల మీద నాటినట్టు, ఇదీ ఎత్తు మీదే ఉండాలి. జానెడు దూరంలో ఒక్కో కొమ్మ గుచ్చితే రెండు నెలల్లో కమ్ముకుంటుంది.

కొరిటెపాడు_శారద
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. వచ్చే వారమే ఇసుక తెప్పిస్తాను. కొమ్మ ఎంత పొడవుండాలి?

గుణదల_గీత
వేలెడు పొడవు. కింది ఆకులు తీసేసి, ఒక పూట నీడలో ఆరబెట్టి గుచ్చండి. కోసిన చోటు ఆరితే కుళ్లదు. మొగ్గలుంటే గిల్లేయండి, మనసు ఒప్పకపోయినా సరే. మూడు నెలలకోసారి తీగలను సగానికి కత్తిరించండి. లేకపోతే మధ్యలో బోడిగా కాడలు మిగిలి, పూలన్నీ అంచుల్లోనే ఉంటాయి.

కృష్ణలంక_కుమారి
వానాకాలం ముందు రెండు కుండీలు చూరు కిందికి జరిపి విత్తుగా దాచుకోండి. నత్తలు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. రాత్రి టార్చి వేసుకుని ఏరడం తప్ప నాకు ఇంకో దారి దొరకలేదు.

సింగ్‌నగర్_శ్రీను
విత్తు అంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా ఇంట్లోకి వచ్చినప్పుడు మంచాలు, బియ్యం, పిల్లల పుస్తకాలు అన్నీ మునిగాయి. మా నాన్న గేటు పక్కన ఇటుకల మడిలో తెల్ల గడ్డి గులాబీ పెంచేవారు. ఒంటిరేకు పువ్వు, మధ్యలో పసుపు బొట్టు. ఆయన పోయాక ఆ మడిని నేను చూసుకునేవాణ్ణి. నీళ్లు వారం దాటి నిలిచాయి. తగ్గాక చూస్తే మడి ఉన్న చోట మోకాలెత్తు బురద. ఇల్లు కడుక్కోవడమే సరిపోయింది, మొక్క గురించి ఏడవడానికి తీరిక లేదు. ఫిబ్రవరిలో ఎండలు మొదలయ్యాక ఒక ఉదయం బండి తీస్తుంటే ఇటుకల సందులో ఎర్రటి దారాల్లాంటి మొలకలు కనిపించాయి. కలుపేమో అనుకుని పీకబోయి ఆగాను. రెండు ఆకులు గుండ్రంగా, సేమ్యా ముక్కల్లా ఉన్నాయి. ఏప్రిల్‌లో పూశాయి. తెల్లవే. ఆ గింజలు బురదతో పాటు ఎక్కడెక్కడికి కొట్టుకుపోయాయో, కొన్ని మాత్రం అక్కడే ఉండిపోయాయి.

పటమట_మేడతోట
శ్రీను గారూ, రెండుసార్లు చదివాను. ఏం రాయాలో తెలియలేదు. మడిని మీరు నిలబెట్టుకోవడం ఎంత బాగుందో.

బ్రాడీపేట_మాస్టారు
గింజ మీద మట్టి ఎక్కువగా కప్పితే ఇది మొలవదు, వెలుగు తగలాలి. బురద ఎండి, పగిలి, గాలికి పలచబడ్డాక వెలుగు తగిలి లేచాయన్నమాట. విత్తనాలు చల్లేవాళ్లు కూడా పైన చల్లి వేళ్లతో అద్ది వదిలేయండి. కప్పకండి.

ముద్దబంతి
మరి ముద్ద పూల రకం నుంచి విత్తనం తీసి చల్లితే ముద్ద పువ్వే వస్తుందా?

భవానీపురం_భాను
నేను చల్లినప్పుడు సగం ముద్దగా, సగం ఒంటిరేకుగా వచ్చాయి. రంగులూ కలిసిపోయాయి. అచ్చంగా అదే పువ్వు కావాలంటే కొమ్మే గుచ్చండి.

పటమట_మేడతోట
నిన్న రెండో శనివారం. ఎనిమిదిన్నరకే కుర్చీ వేసుకుని మేడ మీద కూర్చున్నాను. ఎనిమిదీ నలభైకి మొదటి మొగ్గ కొసన రేకులు వదులయ్యాయి. కదలిక కంటికి ఆనదు. పక్క కుండీ వైపు చూసి మళ్లీ తిరిగేసరికి ఇంకాస్త తెరుచుకుని ఉంటుంది. తొమ్మిదిన్నరకల్లా పిట్టగోడ పొడవునా గులాబీ, పసుపు, నారింజ. అరవై నాలుగు లెక్కపెట్టాను. చిన్న తేనెటీగలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఒక్కో పువ్వులో దిగి కాళ్లకు పసుపు పూసుకుని లేస్తున్నాయి. ఒక పువ్వులో కేసరాలను అగ్గిపుల్లతో తాకాను. అన్నీ కలిసి పుల్ల వైపు వంగాయి! పాపను పిలిచి చూపించాను. అది ఇంకో పది పువ్వులకు గిలిగింతలు పెట్టింది. ఒంటి గంటకు రేకుల అంచులు మెత్తబడ్డాయి. రెండున్నరకు నాకు బాగా తెలిసిన ఆ తడి కాగితం ఉండలే మిగిలాయి.

బ్రాడీపేట_మాస్టారు
కేసరాల కదలిక నేను చెప్పకుండానే పట్టారు! తేనెటీగ వాలినప్పుడు కూడా అలాగే దాని మీదకు వంగుతాయి. పుప్పొడి ఒంటికి అంటడానికి.

అరండల్‌పేట_అనూష
ఎనిమిదిన్నర నుంచి రెండున్నర దాకా కూర్చున్నారా? ఆ ఎండలో?

పటమట_మేడతోట
గొడుగు వేసుకుని, మజ్జిగ చెంబు పక్కన పెట్టుకుని. ఇంకో మాట కూడా చెప్పాలి. మా ఆయనతో రెండు కుండీలు కిందికి దింపించి వీధి అరుగు మీద పెట్టించాను. అక్కడ పన్నెండింటి దాకా ఎండ ఉంటుంది. అత్తయ్య కుర్చీ అక్కడే. ఈ రోజు ఉదయం పది గంటలకు తెనాలిలో ఉండగా ఫోను మోగింది. ఆమె మామూలుగా ఫోను చేయరు, గుండె గుభేలుమంది. "పదిహేడు పూశాయి, అందులో ఒకటి రెండు రంగుల్లో ఉంది" అని చెప్పి పెట్టేశారు.

కొరిటెపాడు_శారద
ఇక రోజూ పది గంటలకు మీకు వార్తలు అందుతాయి.

పటమట_మేడతోట
అందుతున్నాయి! సోమవారం పదిహేను, ఈ రోజు ఇరవై. ఇందాక ఇంటికి రాగానే అత్తయ్య అడిగారు, "తెల్లవి లేవా?" అని. వాళ్ల పుట్టింట్లో బావి గట్టు చుట్టూ తెల్లవే ఉండేవట. ఎవరి దగ్గరైనా తెల్ల కొమ్మ ఉంటే చెప్పండి. బదులుగా గులాబీ, నారింజ ఎన్ని కావాలన్నా ఇస్తాను.

సింగ్‌నగర్_శ్రీను
అక్కా, మా గేటు దగ్గరివి తెల్లవే కదా. శనివారం సాయంత్రం పటమట వైపు పనుంది. వేలెడు కొమ్మలు పది కోసి, ఆరబెట్టి తెస్తాను. గింజలు కూడా పొట్లం కడతాను. అత్తయ్యగారిని కుండీ సిద్ధం చేసి ఉంచమనండి, ఇసుక ఎక్కువ కలపమనండి.